సీఐ గారు ఎమ్మెల్యే కావాలంటే: వీఆర్ఎస్ కాగితం నుంచి వెలగపూడి దాకా

ఎన్నికలకు ఏడాది ఉందనగానే గుంటూరు, విజయవాడల్లో ఒక రకం కబుర్లు మొదలవుతాయి. ఫలానా సీఐ వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) పెట్టాడట. ఫలానా డీఎస్పీ పార్టీ పెద్దను రాత్రిపూట కలిసి వచ్చాడట. ఫలానా రిటైర్డ్ ఎస్పీ సొంతూళ్లో గుడి కట్టిస్తున్నాడట, ఇంకెందుకు, టికెట్ కోసమే. వీటిలో చాలావరకు టీ కొట్టు దగ్గరే ఆగిపోతాయి. ఎప్పుడో ఒకటి నిజమవుతుంది. అప్పుడు జనం అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే: నిన్నటిదాకా లాఠీ పట్టినవాడు ఇవాళ నామినేషన్ ఎలా వేస్తాడు? గెలిస్తే స్టేషన్లన్నీ ఆయన గుప్పిట్లోకి పోతాయా? ఆయన మీదున్న శాఖాపరమైన విచారణ ఏమవుతుంది? పెన్షన్ ఆగుతుందా?

ఈ ప్రశ్నలన్నిటికీ జవాబులున్నాయి. అన్నీ కలిపి అడగడం వల్లే గందరగోళం. ఉద్యోగం వదలడం సర్వీసు నిబంధనల సంగతి. పోటీ చేయడం ప్రజాప్రాతినిధ్య చట్టం సంగతి. గెలిచాక చేసే పని రాజ్యాంగం, సభా నియమాల సంగతి. మొదటిదాన్ని చూసేది శాఖ, రెండోదాన్ని రిటర్నింగ్ అధికారి, మూడోదాన్ని స్పీకర్. ఒకచోట పాసైనంత మాత్రాన రెండోచోట పాసైనట్టు కాదు.

ఒంటి మీద యూనిఫాం ఉన్నంతకాలం

రాష్ట్ర పోలీసు ఉద్యోగి, అంటే కానిస్టేబుల్ నుంచి ఐపీఎస్ కాని అధికారుల వరకు, 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి కిందికి వస్తారు. ఐపీఎస్‌లకు 1968 నాటి అఖిల భారత సర్వీసుల నియమావళి ఉంది. రెండింటి సారాంశం ఒకటే: పార్టీ సభ్యత్వం కూడదు, ప్రచారం కూడదు, చందా కూడా ఇవ్వకూడదు. ఓటు మాత్రం వేసుకోవచ్చు, ఎవరికి వేశామో చెప్పకూడదు.

మిగతా ప్రభుత్వోద్యోగుల కంటే పోలీసులకు ఇంకో ముడి ఎక్కువ. రాజ్యాంగంలోని 33వ అధికరణ పోలీసు బలగాల ప్రాథమిక హక్కులను కుదించే అధికారం పార్లమెంటుకు ఇచ్చింది. దాని ఆధారంగా 1966లో వచ్చిన చట్టం పోలీసులు సంఘాల్లో చేరడం, పత్రికలకు ఎక్కడం మీద పరిమితులు పెట్టింది. ఎన్నికల చట్టం మరో వైపు నుంచి పట్టుకుంటుంది. ఎన్నికల విధుల్లో ఉన్న పోలీసు అధికారి ఫలితాలు వెలువడే వరకు ఎన్నికల సంఘానికి డిప్యుటేషన్ మీద ఉన్నట్టే లెక్క. అభ్యర్థి ఎవరైనా పోలీసుల సాయం తీసుకుని గెలిస్తే అది అవినీతికర చర్య, గెలుపే రద్దు కావచ్చు. అందుకే రాజకీయాల మీద మనసుపడ్డ అధికారికి మొదటి చిక్కు ఇక్కడే వస్తుంది. టికెట్ కావాలంటే పార్టీ వాళ్లతో మాట్లాడాలి. మాట్లాడినట్టు తేలితే ఉద్యోగం మీదికి వస్తుంది. మరి ముందుగా మాట్లాడుకోకుండా ఎవరూ ఉద్యోగం వదలరు కదా. ఈ చీకటి దశ గురించి నిబంధనలు గట్టిగా చెబుతాయి గానీ, పట్టుకున్న సందర్భాలు అరుదు.

బయటికి వచ్చే మూడు దారులు

పదవీ విరమణ తర్వాత పోటీ చేస్తే ఏ పేచీ లేదు. మిగిలిన రెండు దారులు రాజీనామా, వీఆర్ఎస్. బయటివాళ్లకు రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. ఇంట్లోవాళ్లకు మాత్రం తేడా బాగా తెలుసు, ఎందుకంటే తేడా పెన్షన్‌లో ఉంది. రాష్ట్ర పెన్షన్ నిబంధనల ప్రకారం రాజీనామా చేస్తే అప్పటిదాకా చేసిన సర్వీసు లెక్కలోంచి పోతుంది. 20 ఏళ్ల అర్హత సర్వీసు పూర్తయ్యాక మూడు నెలల నోటీసు ఇచ్చి స్వచ్ఛంద విరమణ తీసుకుంటే పెన్షన్ మిగులుతుంది. ఐపీఎస్‌లకూ దాదాపు ఇదే కొలత. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారు సీపీఎస్‌లో, అంటే జీతంలోంచి వాటా కట్టే పెన్షన్ పథకంలో ఉన్నారు కాబట్టి వాళ్ల లెక్క వేరు.

ఈ 20 ఏళ్ల గీత వల్లే పోలీసు అభ్యర్థులు సాధారణంగా నలభై అయిదు దాటినవారే ఉంటారు. ఇరవై అయిదో ఏట ఎస్సైగా చేరినవాడు అంతకుముందు బయటికి రావాలంటే గట్టి గుండె కావాలి, లేదా గట్టి ఆస్తి కావాలి.

క్యాలెండర్ ఎలా దెబ్బకొడుతుందో చూద్దాం

మూడు నెలల నోటీసు వినడానికి చిన్న నిబంధన. ఎన్నికల షెడ్యూలు పక్కన పెట్టి చూస్తేగాని అసలు ఇబ్బంది అర్థం కాదు. 2024 తేదీలనే తీసుకుందాం. మార్చి 16న షెడ్యూలు ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌లో ఏప్రిల్ 18న నోటిఫికేషన్, 25 నామినేషన్లకు ఆఖరు, 26న పరిశీలన, మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు.

గుంటూరులో 22 ఏళ్ల సర్వీసున్న ఒక సీఐని ఊహించుకోండి. షెడ్యూలు వచ్చిన రెండో రోజు, మార్చి 18న ఆయన నోటీసు ఇచ్చారనుకుందాం. మూడు నెలలు గడిచేసరికి జూన్ 18. అప్పటికి ఓట్లు లెక్కించి రెండు వారాలు. ఇంకో మూడు రోజుల్లో కొత్త అసెంబ్లీ వెలగపూడిలో కూర్చుంటుంది. మన సీఐ ఆ రోజు బందోబస్తుకు వెళ్లాల్సి వచ్చేది.

అంటే ఏప్రిల్ 25 లోపు ఖాళీ కావాలంటే జనవరి 25 లోపే నోటీసు పడాలి. మరి టికెట్లు ఎప్పుడు తేలాయి? తెలుగుదేశం, జనసేన ఉమ్మడి తొలి జాబితా ఫిబ్రవరి 24న వచ్చింది. వైఎస్సార్‌సీపీ ఇన్‌ఛార్జుల మార్పులు ముందు నుంచీ చేస్తూ వచ్చినా, 175 మంది పూర్తి జాబితా ప్రకటించింది మార్చి 16న. కాబట్టి టికెట్ చేతికి రాకముందే నెల, రెండు నెలల ముందు ఉద్యోగం చేజార్చుకోవాలి. ప్రభుత్వం దయతలిస్తే నోటీసు గడువు తగ్గించవచ్చు. ఆ దయ ఎవరి మీద కలుగుతుందో, ఎవరి మీద కలగదో చెప్పనక్కర్లేదు.

ఈ జూదంలో చేయి కాల్చుకున్నవారిలో అందరికీ తెలిసిన పేరు బీహార్ డీజీపీగా చేసిన గుప్తేశ్వర్ పాండే. 2009లో లోక్‌సభ టికెట్ ఆశించి వీఆర్ఎస్ తీసుకున్నారు, టికెట్ రాలేదు, మళ్లీ సర్వీసులోకి వచ్చారు. 2020 సెప్టెంబరులో డీజీపీ కుర్చీ వదిలి జేడీయూలో చేరారు. ఆ ఎన్నికల్లోనూ టికెట్ రాలేదు.

రిలీవింగ్ ఆర్డర్ లేకపోతే

మన రాష్ట్రంలో ఈ వివాదం బాగా నలిగింది గోరంట్ల మాధవ్ విషయంలో. కదిరి సీఐగా ఉండగా 2018లో అప్పటి అనంతపురం ఎంపీ జేసీ దివాకర్‌రెడ్డి పోలీసులపై చేసిన వ్యాఖ్యలకు మీడియా ముందు మీసం మెలేసి బదులిచ్చారు. దాంతో రాష్ట్రమంతా పేరు తెలిసింది. వీఆర్ఎస్‌కు దరఖాస్తు పెట్టుకున్నారు, వైఎస్సార్‌సీపీ హిందూపురం లోక్‌సభ టికెట్ ఇచ్చింది. కానీ నామినేషన్ల సమయానికి శాఖ ఆయన్ను రిలీవ్ చేయలేదు, అంటే విధుల నుంచి వదులుతున్నట్టు ఉత్తర్వు ఇవ్వలేదు. రాష్ట్ర పరిపాలనా ట్రైబ్యునల్ గడప తొక్కి, దాని ఉత్తర్వు తెచ్చుకున్నాకే దారి తెరుచుకుంది. ఆయన నామినేషన్ తిరస్కరిస్తే చేతులు ఖాళీగా ఉండకూడదని భార్య చేత కూడా నామినేషన్ వేయించారు. చివరికి లక్షకు పైగా మెజారిటీతో గెలిచారు.

ఇక్కడ రెండు వాదాలున్నాయి, రెండింటిలోనూ పస ఉంది. ప్రభుత్వ పక్షం అనేది: పెండింగ్ విచారణలున్న అధికారిని కళ్లు మూసుకుని వదిలేస్తే, తప్పు చేసిన ప్రతివాడూ వీఆర్ఎస్ పెట్టి జారుకుంటాడు. అధికారి పక్షం అనేది: ఎదుటి పార్టీ తరఫున పోటీ చేస్తున్నానని తెలిసే కాగితం తొక్కిపెట్టారు, నాలుగు రోజులు ఆగితే నా నామినేషన్ తనంతట తానే చచ్చిపోతుందని వాళ్లకు తెలుసు. ఒకే నిబంధన విచారణకు కవచం కాగలదు, కక్షకు కత్తీ కాగలదు. తేల్చాల్సింది కోర్టులే. నామినేషన్ల వారంలో కోర్టు తీర్పు వచ్చేలోగా గడువు దాటిపోతే అంతే సంగతులు.

చట్టం దృష్టిలో అర్హతను చూసేది పరిశీలన తేదీ నాటికి. ఆ రోజు ఇంకా ప్రభుత్వ కొలువులో ఉంటే అది లాభదాయక పదవి, రాజ్యాంగం 191వ అధికరణ కింద అనర్హత. రిటర్నింగ్ అధికారి పొరపాటున నామినేషన్ ఆమోదించినా గండం గడవదు. ఓడిన అభ్యర్థి ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయవచ్చు, అనర్హత రుజువైతే ఎన్నిక కొట్టుకుపోతుంది.

కాగితాల దగ్గరే ఆగిపోయిన మరో ఉదాహరణ పశ్చిమ బెంగాల్లో ఉంది. ఐపీఎస్ వదిలిన దేబాశిష్ ధర్‌కు 2024లో బీజేపీ బీర్‌భూమ్ టికెట్ ఇచ్చింది. ప్రభుత్వానికి బకాయిలు లేవన్న ధ్రువపత్రం జతచేయలేదని నామినేషన్ తిరస్కరించారు. సుప్రీంకోర్టుకు వెళ్లినా ఊరట దక్కలేదు. క్వార్టర్స్ అద్దె, కరెంటు, నీళ్ల బిల్లుల దగ్గర ఒక లోక్‌సభ అభ్యర్థిత్వం ముగిసింది.

డిస్మిస్ అయినవారి సంగతి ఇంకోలా ఉంటుంది. అవినీతి లేదా దేశద్రోహం కారణంగా ఉద్యోగం నుంచి తొలగించినవారికి అయిదేళ్ల పాటు పోటీకి అనర్హత. డిస్మిస్ అయి అయిదేళ్లు కాకముందే నామినేషన్ వేసేవారు, ఆ రెండు కారణాల వల్ల కాదని ఎన్నికల సంఘం నుంచి ధ్రువపత్రం తేవాలి. వేరే కారణంతో తొలగించి ఉంటే, చట్టం వాళ్లను ఆపదు.

విరామం ఉండాలా, అక్కర్లేదా

ఇంత కాగితాల గొడవలోనూ ఒక సంగతి గమనించాలి. ఇవాళ రిలీవ్ అయిన అధికారి రేపు నామినేషన్ వేయడాన్ని ఏ చట్టమూ అడ్డుకోదు. ఒక ఐపీఎస్ అధికారి రిటైరై ప్రైవేటు కంపెనీలో కొలువు చేరాలంటే ఏడాదిలోపు అయితే ప్రభుత్వ అనుమతి కావాలి. అదే అధికారి పార్టీ కండువా కప్పుకోవడానికి ఒక్క పూట కూడా ఆగనవసరం లేదు. ఇది చాలామందికి మింగుడుపడని విషయం.

2022 జనవరి 8న ఉత్తరప్రదేశ్ ఎన్నికల షెడ్యూలు వెలువడింది. అదే రోజు కాన్పూర్ పోలీసు కమిషనర్ అసీం అరుణ్ వీఆర్ఎస్ సంగతి బయటపెట్టారు. బీజేపీ తరఫున కన్నౌజ్‌లో పోటీ చేసి గెలిచారు, మంత్రి అయ్యారు. ఆయన నిబంధనలేవీ దాటలేదు. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది: కమిషనర్ కుర్చీలో ఆఖరి నెలల్లో ఏ ధర్నాకు అనుమతిచ్చారు, ఎవరి మీద కేసు పెట్టారు అన్నవన్నీ ఇప్పుడు కొత్త కళ్లతో చూడరా? విజయవాడలో కమిషనర్‌గానో, గుంటూరులో ఎస్పీగానో ఉన్నవారు ఇలా చేస్తే ఇక్కడి జనమూ పాత నిర్ణయాలన్నీ తిరగతోడతారు.

ఉద్యోగం వదిలాక పోటీకి ముందు కొంత విరామం పెట్టమని ఎన్నికల సంఘమే 2012లో కేంద్రానికి సిఫారసు చేసింది. అటార్నీ జనరల్ అభిప్రాయం అడిగితే, అలాంటి ఆంక్ష రాజ్యాంగ పరీక్షకు నిలవకపోవచ్చన్నారు. కేంద్రం పక్కన పెట్టింది. 2022లో ఇదే కోరుతూ వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది. ఉండాలో వద్దో తేల్చుకోవాల్సింది చట్టసభేనన్నది కోర్టు మాట.

వ్యతిరేకించేవారి వాదన తేలికైనదేమీ కాదు. పోటీకి ఎవరు అర్హులో, ఎవరు కారో రాజ్యాంగం, పార్లమెంటు చెప్పాలి, సర్వీసు రూలు కాదు. కంపెనీ కొలువు మీద ఆంక్ష పెన్షన్‌తో ముడిపడిన షరతు, పోటీ మీద ఆంక్ష పౌరుడి హక్కు మీద వేటు. పైగా ఓటరు తీర్పు చెప్పే పనికి చట్టం అడ్డెందుకన్నది ఇంకో మాట. నా మటుకు, ఈ చివరి వాదన అంతగా నిలవదు. ఓటరు అభ్యర్థి మీద తీర్పు చెప్పగలడు గానీ, ఆ అభ్యర్థి కుర్చీలో ఉండగా తొక్కిపెట్టిన ఫైలును చూడలేడు. అయితే విరామం ఎంత అన్నప్పుడు మాత్రం ఎవరి దగ్గరా సరైన కొలత లేదు. ఆరు నెలలు ఏమీ ఆపదు, రెండేళ్లు మంచివాళ్లనూ ఆపుతుంది.

పార్టీలు ఎందుకు పిలుస్తాయి, ఓటరు ఏమంటాడు

పార్టీ లెక్కలో పోలీసు అభ్యర్థికి కొన్ని సుగుణాలుంటాయి. పేరు తెలిసినవాడు. ‘కఠినంగా ఉంటాడు’ అన్న ముద్ర ముందే పడి ఉంటుంది. చదువుకున్నవాడు. రిజర్వుడు నియోజకవర్గాల్లో ఈ చివరిది ఇంకా పనికొస్తుంది. గుంటూరు జిల్లా ప్రత్తిపాడు చూడండి: 2014లో గెలిచిన రావెల కిశోర్‌బాబు రైల్వే అధికారిగా చేసి వచ్చినవారు, 2024లో గెలిచిన బూర్ల రామాంజనేయులు ఐఏఎస్‌గా చేసి వచ్చినవారు. మధ్యలో, 2019లో గెలిచిన మేకతోటి సుచరిత రాష్ట్ర హోంమంత్రి అయ్యారు, పోలీసు శాఖతో ముందు ఏ సంబంధమూ లేకుండానే. హోంశాఖకు పోలీసే కావాలన్న నియమం ఎక్కడా లేదు, ఆనవాయితీ కూడా కాదు. సీబీఐ డైరెక్టరుగా చేసి, 1999లో ఖైరతాబాద్‌లో పి.జనార్దన్‌రెడ్డి అంతటివారిని ఓడించిన కె.విజయరామారావుకు దక్కింది రోడ్లు, భవనాల శాఖ.

ఇక ఓటరు సంగతి. మన ప్రాంతంలోనే రెండు ఉదాహరణలున్నాయి. విశ్రాంత ఐపీఎస్ అధికారి చంద్రగిరి ఏసురత్నం 2019లో గుంటూరు పశ్చిమలో వైఎస్సార్‌సీపీ తరఫున నిలబడ్డారు. ఆ పార్టీ 151 సీట్లు గెలిచిన ఎన్నికల్లో ఆయన నాలుగు వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. తర్వాత మిర్చి యార్డు ఛైర్మన్ అయ్యారు, 2023లో ఎమ్మెల్యేల కోటాలో శాసనమండలికి వెళ్లారు. కృష్ణా జిల్లాకు చెందిన వర్ల రామయ్య పోలీసు శాఖలో పనిచేసి తెలుగుదేశంలోకి వచ్చారు. 2014లో పామర్రులో స్వల్ప తేడాతో ఓడారు, 2020లో రాజ్యసభకూ పోటీ చేసి ఓడారు, మధ్యలో ఆర్టీసీ ఛైర్మన్‌గా చేశారు. అదే పామర్రులో 2024లో ఆయన కుమారుడు కుమార్ రాజా గెలిచారు.

బయట చూసినా బొమ్మ ఇలాగే ఉంటుంది. ఉమ్మడి రాష్ట్ర డీజీపీగా చేసిన దినేశ్‌రెడ్డి 2014లో మల్కాజిగిరిలో ఓడారు. సీబీఐ జాయింట్ డైరెక్టరు (జేడీ)గా ఇంటింటా పేరున్న వి.వి.లక్ష్మీనారాయణ 2019లో విశాఖ లోక్‌సభలో, 2024లో విశాఖ ఉత్తరంలో ఓడారు. విశ్రాంత ఐపీఎస్ మహమ్మద్ ఇక్బాల్ 2019లో హిందూపురంలో బాలకృష్ణ చేతిలో ఓడి, మండలికి వెళ్లారు. డీజీపీ ఓడి, సీఐ గెలిచాడంటే, భుజం మీది నక్షత్రాలకు ఓటుతో లంకె లేదన్నమాట. మాధవ్ గెలుపులో మీసం ఎంత, 25 లోక్‌సభ సీట్లలో 22 ఊడ్చుకుపోయిన 2019 గాలి ఎంత అన్నది విడదీసి చెప్పడం కష్టం.

ఒక కారణం మాత్రం బయటికి అంతగా కనిపించదు. పోలీసు ఎక్కడా వేళ్లూనడు. ఎన్నికల ముందు సొంత ప్రాంతంలో పోస్టింగ్ ఉండకూడదు, ఒకే జిల్లాలో మూడేళ్లు దాటకూడదన్నది ఎన్నికల సంఘం నియమం. పట్టాభిపురంలో రెండేళ్లు, తెనాలిలో ఏడాది, ఆపైన వీఆర్, అంటే పోస్టింగ్ లేకుండా ఖాళీగా ఉండటం. ఆయన్ను ఎరిగిన ఊరు ఒకటి, చుట్టాలు, కులంవాళ్లు ఉన్న ఊరు ఇంకొకటి. చట్టం ప్రకారం రాష్ట్రంలో ఎక్కడ ఓటున్నా ఏ అసెంబ్లీ స్థానంలోనైనా నిలబడవచ్చు. రిజర్వుడు సీటైతే మాత్రం ఆ వర్గానికి చెంది ఉండాలి. కానీ బూత్ స్థాయిలో తిరిగే నలుగురు లేకపోతే ఆ వెసులుబాటుతో ఏం లాభం?

గెలిచాక స్టేషన్ మాట వింటుందా

జనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే. పోలీసు అధికార క్రమంలో ఎమ్మెల్యేకి చోటు లేదు. ఎస్సై పైన సీఐ, ఆ పైన డీఎస్పీ, ఎస్పీ, అలా మంగళగిరి డీజీపీ కార్యాలయం దాకా పోతుంది. అసెంబ్లీ ఉన్న వెలగపూడి దానికి దగ్గర్లోనే ఉన్నా ఆ వరుసలో లేదు. కేసు కట్టమనో, కట్టొద్దనో చెప్పే అధికారం ఎమ్మెల్యేకి చట్టం ఇవ్వలేదు.

ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసు దగ్గర పొద్దున్నే నిలబడితే తెలుస్తుంది. ఒకరికి పెన్షన్ ఆగింది, ఒకరికి ఇళ్ల పట్టా రాలేదు, ఒకరికి ఆసుపత్రి బిల్లుకు సీఎం సహాయనిధి లెటర్ కావాలి. మధ్యలో ఒకాయన పొలం గట్టు గొడవలో స్టేషన్లో కేసు తీసుకోవడం లేదని కాగితం చాపుతాడు. మాజీ సీఐ అయిన ఎమ్మెల్యే ఆ కాగితం చూడగానే ఇది సివిల్ తగాదానా, క్రిమినల్ నేరమా అని పట్టేస్తారు. కేసు పెట్టదగ్గ నేరమైతే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ బాధ్యుడు) కాదంటే ఎస్పీకి రాయాలి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లాలి. పాత సీఆర్పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత చూపే దారి ఇది. అందులో ఎమ్మెల్యే ఫోన్ కాల్ ఏ సెక్షన్లోనూ లేదు.

లేదు గానీ, ఉంది. ఎందుకంటే పోస్టింగ్ ఉంది. సీఐ కుర్చీ కోసం స్థానిక ఎమ్మెల్యే లెటర్ వెంట తిరగడం కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎవరికీ కొత్త కథ కాదు. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్టేషన్ బాధ్యులకు కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని, బదిలీలను పోలీసు ఎస్టాబ్లిష్‌మెంట్ బోర్డు చూడాలని ఆదేశించింది. ప్రభుత్వం మారగానే వీఆర్‌కు వెళ్లేవాళ్ల వరుస చూస్తే ఆ ఆదేశం ఎంత అమలైందో తెలుస్తుంది. లెటర్ ఇచ్చిన చేతికి ఫోన్ చేసే చనువు వస్తుంది. ఎమ్మెల్యే బలం రూలు పుస్తకంలో దొరకదు, ఈ లెటర్లో దొరుకుతుంది.

అలాంటప్పుడు పాత పోలీసు ఎమ్మెల్యే అయితే మంచిదా, చెడ్డదా? మెచ్చుకునేవారు అనేది, ఈ లెటర్ కోసం తానూ ఒకప్పుడు మెట్లెక్కి దిగినవాడు కాబట్టి కింది ఉద్యోగి అవస్థ ఎరుగుదురని. శంకించేవారు అనేది, మామూలు ఎమ్మెల్యేకి స్టేషన్ రైటర్ దాకా తెలియదు, ఈయనకు మాత్రం ఎక్కడ నొక్కితే ఏది కదులుతుందో తెలుసని. తెలిసిన పనితనం రెండు వైపులా కోస్తుంది. మనిషిని బట్టి పోతుంది తప్ప, నేపథ్యాన్ని బట్టి ముందే తీర్పు చెప్పే వీలు లేదు.

2019 మేలో లెక్కింపు కేంద్రం దగ్గర ఒక ఫొటో బాగా తిరిగింది. గెలిచిన మాధవ్, ఒకప్పటి తన పై అధికారి అయిన డీఎస్పీ ఒకరికొకరు సెల్యూట్ చేసుకుంటున్న ఫొటో. ప్రోటోకాల్ ప్రకారం సెల్యూట్ అందుకోవాల్సింది ఎంపీ. పాత అలవాటు ముందు ఆ లెక్క నిలవలేదు.

సభలో చేయగలిగింది, చేయలేనిది

శాంతిభద్రతలు, పోలీసు రాష్ట్ర జాబితాలోవి. నేరాలు, వాటి విచారణ పద్ధతి ఉమ్మడి జాబితాలోవి. ఈ తేడా తెలియక ‘మన పోలీసు ఎమ్మెల్యే అసెంబ్లీలో చట్టం తెస్తాడు’ అనుకుంటే నిరాశే. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఆమోదించిన దిశ బిల్లు ఇందుకు ఉదాహరణ. మహిళలపై తీవ్ర నేరాల్లో 21 రోజుల్లో తీర్పు రావాలన్నారు. కేంద్ర చట్టాలతో ముడిపడింది కాబట్టి రాష్ట్రపతి ఆమోదం కావాలి. అది రాలేదు. స్టేషన్లు, యాప్ దిశ పేరుతో నడిచాయి, బిల్లు చట్టం కాలేదు.

సభ్యుడి చేతిలో ఉన్నవి ఇంకా చిన్నవి, కానీ పనికొచ్చేవి: ప్రశ్నలు, జీరో అవర్, పోలీసు పద్దు మీద కోత తీర్మానం, కమిటీలు. కానిస్టేబుళ్ల టీఏ బకాయిలు, సరెండర్ లీవుల డబ్బు, 2019లో ప్రకటించిన వీక్లీ ఆఫ్ ఎన్ని స్టేషన్లలో నిజంగా దొరుకుతోంది? ఇలాంటివి లోపలివాడే సూటిగా అడగగలడు. అధికార పక్షంలో ఉంటే అడగడానికి మొహమాటం, ప్రతిపక్షంలో ఉంటే జవాబు రాదు. ఇక పార్టీ విప్ జారీ అయిందంటే, ఫిరాయింపుల నిరోధానికి పెట్టిన రాజ్యాంగం పదో షెడ్యూలు పుణ్యమా అని, మళ్లీ ఆర్డర్ తీసుకోవడమే. ఆ ఒక్క విషయంలో పోలీసుకు కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు.

వదిలిన ఉద్యోగం వదలదు

పెన్షన్ ఇచ్చేశారు కదా, ఇక పాత లెక్కలు ముగిసినట్టే అనుకుంటే పొరపాటు. రాష్ట్ర పెన్షన్ నిబంధనల్లో భవిష్యత్ సత్ప్రవర్తన అన్నది పెన్షన్‌కు అంతర్లీన షరతు. సర్వీసులో ఉండగా మొదలైన విచారణ విరమణ తర్వాతా సాగుతుంది. విరమణ తర్వాత కొత్తగా మొదలుపెట్టాలంటే, ఆ ఘటన జరిగి నాలుగేళ్లు మించకూడదు. తీవ్ర తప్పు రుజువైతే పెన్షన్ కోయవచ్చు, ఆపవచ్చు. ఎమ్మెల్యే అయినా తేడా ఉండదు. ఫైలు కదిలే వేగంలో తేడా ఉంటుందేమో, అది పార్టీని బట్టి.

నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో తన మీదున్న కేసులన్నీ రాయాలి. ఎన్‌కౌంటరో, కస్టడీ మరణమో, ప్రైవేటు ఫిర్యాదో ఉంటే అవీ అందులోకే. డ్యూటీలో భాగంగా జరిగిందన్న వాదన కోర్టులో పనికిరావచ్చు, అఫిడవిట్‌లో దాచడానికి పనికిరాదు.

ఇవి కాక సాక్ష్యాలు. దర్యాప్తు అధికారిగా తాను ఛార్జిషీటు వేసిన కేసులు గుంటూరు కోర్టుల్లో ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంటాయి. బదిలీ అయిన, రిటైరైన అధికారి బదులు ఆ స్థానంలో ఉన్నవారు పత్రాలను రుజువు చేసే వెసులుబాటు కొత్త సంహితలో ఉంది. అయినా దర్యాప్తు ఎలా చేశారన్నది నిలదీయాలంటే డిఫెన్స్ లాయరుకు అసలు మనిషే కావాలి. సమన్లు పాత హోదా పేరుతోనే వస్తాయి. సభ జరుగుతున్న రోజుల్లో సాక్షిగా హాజరు కావడం నుంచి సభ్యులకు సంప్రదాయంగా మినహాయింపు ఉంది కాబట్టి వాయిదా అడగవచ్చు. సభ అయిపోయాక బోను ఎక్కాల్సిందే. నిందితుడు ఎదుటి పార్టీ వాడైతే క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్న ఏమిటో ఊహించడం కష్టం కాదు: ‘మీరు ఏ తేదీన ఆ పార్టీలో చేరారు? కేసు కట్టింది అంతకు ఎన్నాళ్ల ముందు?’